అల్లాయ్ చక్రాలకు టైర్ల ఎంపిక

అల్లాయ్ చక్రాలు అనగా ఉక్కుకు బదులుగా సాధారణంగా అల్యూమినియం మిశ్రమలోహంతో తయారు చేసిన కారు చక్రాలు. కారుతో వచ్చిన చక్రాలను తీసివేసి, వాటి స్థానంలో ఇంకా పెద్ద వ్యాసం గల అల్లాయ్ చక్రాలను అమర్చుకోవటాన్ని ప్లస్ సైజింగ్ అంటారు. భారతదేశంలో అప్‌సైజింగ్ అన్న మాట కూడా వాడుకలో ఉంది. కొత్త చక్రానికి టైరును ఎంచుకునేటపుడు బయటి వ్యాసం సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చూడటం పరిపాటి. అయితే వ్యాసం సరిగ్గా కుదిరిన టైరు కూడా ఆ కారు బరువును మోయలేనిదై ఉండవచ్చు.

టైరుపై ఉండే గుర్తులు

మారుతి సుజుకి స్విఫ్ట్ వంటి చిన్న కార్లలో కనిపించే ఒక టైరు కొలత 185/65 ఆర్15 88హెచ్. ఇందులో 185 అనేది టైరు వెడల్పు (మిల్లీమీటర్లలో). 65 అనేది ప్రక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో తెలుపుతుంది. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం, 15 అంటే రిమ్ము వ్యాసం (అంగుళాలలో). 88 అనేది భార సూచిక, హెచ్ అనేది వేగ సూచిక. హెచ్ గుర్తు గల టైరు గంటకు 210 కి.మీ. వరకు, టి గుర్తు గలది 190 కి.మీ. వరకు, వి గుర్తు గలది 240 కి.మీ. వరకు పనికివస్తాయి.

భార సూచిక కిలోగ్రాముల సంఖ్య కాదు. ఒక్కొక్క సూచికకు ఒక్కొక్క బరువు నిర్ణయించబడి ఉంది. 84కు 500 కిలోలు, 87కు 545, 88కు 560, 91కు 615 కిలోలు. ఇది ఒక్క టైరు మోయగల గరిష్ఠ భారం.

వ్యాసం లెక్క

పై టైరు ప్రక్క గోడ ఎత్తు 185లో 65 శాతం, అనగా 120.25 మి.మీ. పైన, క్రింద కలిపి 240.5 మి.మీ. దీనికి 15 అంగుళాల రిమ్ము (381 మి.మీ.) కలిపితే బయటి వ్యాసం 621.5 మి.మీ. అవుతుంది. 16 అంగుళాల చక్రానికి 195/55 ఆర్16 టైరు వేస్తే వ్యాసం 620.9 మి.మీ., 17 అంగుళాల చక్రానికి 205/45 ఆర్17 వేస్తే 616.3 మి.మీ. మొదటి దానిలో తేడా దాదాపు లేదు, రెండవ దానిలో ఒక శాతం కంటే తక్కువ.

వ్యాసం పెరిగితే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపే ప్రమాదం ఉంది. 3 శాతం పెద్ద టైరు వేసిన కారు, పాత టైర్లతో 100 కి.మీ. వేగంతో వెళ్ళే చోట 103 కి.మీ. వేగంతో వెళుతుంది, ముల్లు మాత్రం మారదు. చక్రపు గూడుకు టైరు రాసుకునే అవకాశం కూడా పెరుగుతుంది.

భార సామర్థ్యం

వ్యాసం లెక్కలో నెగ్గిన పై రెండు టైర్లను భారం విషయంలో పరిశీలిస్తే సంగతి మారిపోతుంది. సాధారణ రకం 195/55 ఆర్16 టైరు సూచిక 87, అనగా పాత టైరు కంటే 15 కిలోలు తక్కువ. సాధారణ రకం 205/45 ఆర్17 టైరు సూచిక 84 మాత్రమే. ఒక్కొక్క టైరుకు 60 కిలోల చొప్పున నాలుగింటికీ 240 కిలోలు తగ్గుతుంది. వెడల్పైన టైరు ఎక్కువ బరువు మోస్తుందన్న నమ్మకం ఇక్కడ తప్పవుతుంది. బరువును మోసేది ప్రధానంగా టైరులోని గాలి. ప్రక్క గోడ పొట్టిదైన కొద్దీ గాలికి చోటు తగ్గుతుంది.

మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పడిన టైరు, తిరిగే ప్రతిసారీ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పగిలిపోవచ్చు. అయిదుగురు మనుషులు, సామాను నిండిన కారు వేసవి మధ్యాహ్నం రహదారిపై చాలా సేపు వేగంగా వెళ్ళటం ఇందుకు అనుకూలమైన పరిస్థితి.

నిజానికి కావలసిన కనీస సామర్థ్యం, ఇరుసుపై అనుమతించిన గరిష్ఠ భారంలో సగం. ఆ సంఖ్య తెలియనపుడు, కారు తయారీదారు నిర్ణయించిన భార సూచిక కంటే తగ్గకుండా చూసుకోవటమే సరైన పద్ధతి.

ఎక్స్‌ఎల్ టైర్లు, గాలి పీడనం

అదే 205/45 ఆర్17 కొలతలో 88 సూచిక గల ఎక్స్‌ఎల్ టైర్లు లభిస్తాయి. వీటి నిర్మాణం ఎక్కువ పీడనానికి తట్టుకునే విధంగా ఉంటుంది. అయితే 88 అన్న సూచిక సమానమైనంత మాత్రాన పని పూర్తి కాదు. యూరోపియన్ ప్రమాణాలలో సాధారణ టైరు తన పూర్తి భారాన్ని 2.5 బార్ల పీడనం వద్ద మోస్తుంది, ఎక్స్‌ఎల్ టైరు 2.9 బార్ల వద్ద మోస్తుంది. తలుపు చట్రంపై అంటించిన కాగితంలో 2.3 బార్లు (సుమారు 33 పౌండ్లు) అని ఉంటే, ఆ పీడనంలో పాత టైరు దాదాపు 524 కిలోలు మోయగలదు. అదే గాలితో ఎక్స్‌ఎల్ టైరు మోయగలిగేది దాదాపు 465 కిలోలు. పాత సామర్థ్యం తిరిగి రావాలంటే సుమారు 2.7 బార్లు, అనగా 39 పౌండ్ల గాలి అవసరం. చక్రాలు మార్చిన తరువాత కూడా పాత కాగితం ప్రకారమే గాలి పట్టించటం వలన, ఎక్కువ ధర పెట్టి కొన్న టైరు తక్కువ బరువునే మోస్తుంది. సరైన పీడనాన్ని టైరు తయారీదారు ప్రచురించే భార-పీడన పట్టికలో చూడాలి.

రిమ్ము, చక్రం

ప్రతి టైరుకు అనుమతించిన రిమ్ము వెడల్పులు ఉంటాయి. 185/65 ఆర్15కు 5 నుండి 6.5 అంగుళాలు, 205/45 ఆర్17కు 6.5 నుండి 7.5 అంగుళాలు. ఈ హద్దులు దాటితే టైరు అంచు రిమ్ములో సరిగా కూర్చోదు. చక్రానికి కూడా సొంత భార పరిమితి ఉంటుంది. నాణ్యమైన చక్రాలలో ఇది వెనుక వైపు పోతపోసి ఉంటుంది. ఆ గుర్తు లేని చక్రాన్ని, ఎంత అందంగా ఉన్నా, వదిలివేయటం మేలు. బోల్టుల వృత్తపు వ్యాసం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ కూడా కారుకు సరిపోవాలి.

భారతదేశంలో

పై ఉదాహరణలో ప్రక్క గోడ 120 మి.మీ. నుండి 92 మి.మీ.కు తగ్గింది. గుంతల దెబ్బను పీల్చుకునేది ఈ గోడే కాబట్టి, గతుకుల రోడ్లపై ఇటువంటి టైర్లకు ప్రక్కన బుడగలు రావటం, రిమ్ము వంగటం ఎక్కువ. ఇక్కడి రోడ్లకు 17 అంగుళాల కంటే 16 అంగుళాల చక్రం, 91 సూచిక గల ఎక్స్‌ఎల్ రకం 195/55 టైరు ఎక్కువ అనువైనవి. కార్ల టైర్లకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 15633. కొనేటపుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు ప్రక్క గోడపై గల నాలుగు అంకెల తయారీ తేదీని కూడా చూడాలి. 2324 అని ఉంటే ఆ టైరు 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనది.