అవధానము – పరాకు – కుదురు

‘అవధానము’ అను మాట సంస్కృతమునుండి మనకు వచ్చినది. మనస్సును ఒక విషయమునందు నిలుపుట యని దాని అర్థము. భారతీయభాషలు పెక్కింట ఈ మాట యున్నను, దానిని ఒక సభావిద్యకు పేరుగా పెట్టి, పదిమంది యెదుట పరీక్షకు నిలిపి పెంచినవారు ముఖ్యముగా తెలుగువారు. అదే మాటను మనము బడిలో పిల్లవాని లోపమును చెప్పుటకును వాడుచున్నాము. “అవధానము చాలదు” అని నేను పదునెనిమిది సంవత్సరములుగా ప్రగతిపత్రములపై వ్రాయుచు వచ్చితిని. ఒకే మాట ఒకచోట బిరుదముగను, మరియొకచోట నిందగను ఎట్లు నిలిచినదో, ఆ నింద ఎంతవరకు న్యాయమో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది గ్రంథము కాదు, ఒక పిల్లవాడు. మాది బెంగుళూరు నగరమునకు దక్షిణమున, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతముననున్న అల్పసంఖ్యాకభాషా పాఠశాల. 1978లో కర్ణాటక ప్రభుత్వసంస్థయగు కియోనిక్స్, కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల భూములలో 332 ఎకరములందు ఈ పారిశ్రామికవాడను నెలకొల్పినది. నాటినుండి కంప్యూటరు ఉద్యోగులును, వారి కార్యాలయములను కట్టు కూలీలును తెలుగుసీమనుండి వచ్చి చేరుచున్నారు. ఇరువురి పిల్లలును మా తరగతిలో ఒకే బల్లపై కూర్చుందురు. అందు ఐదవ తరగతి బాలుడొకడు, నల్లబల్లపై పద్యము వ్రాసి చూచివ్రాయుమన్నచో, రెండవ పాదము ముగియకమునుపే లేచును. పెన్సిలు చెక్కుకొనుటకు పోయి కిటికీకడ నిలిచిపోవును. కాని వారము క్రిందట నేను మాటవరుసకు చెప్పిన కథను ఒక ముక్క వదలక తిరిగి చెప్పును. వీనికి బుద్ధి కలదు, శ్రద్ధ లేదు అని తీర్మానించి, నా అలవాటు మాటనే వ్రాసి పంపితిని. ఆ మాటకు వాని తండ్రి వానిని కొట్టెనని నెల గడచిన పిదప వాని తల్లివలన తెలిసినది. ఆమె అనంతపురము వైపు మనిషి. “అయ్యవారూ, మీరు రాసిన మాటకు అర్థమేందో నాకు తెలీదు. వాడు మాత్రం రెండు దినాలు అన్నం ముట్టలే” అనెను. అర్థము నాకైనను సరిగా తెలియదని ఆమెతో చెప్పుటకు అప్పుడు నోరు రాలేదు.

మొదట విద్య సంగతి. వేదమును స్వరము తప్పక అప్పగింపగల పండితునకు ‘అవధాని’ యను గౌరవనామము చిరకాలమునుండి యున్నది. నేటికిని అది కొన్ని కుటుంబములకు ఇంటిపేరై, పేరుచివరి బిరుదై నిలిచియున్నది. కవిత్వమునందు ఈ మాటకు 16వ శతాబ్దమున స్పష్టమైన సాక్ష్యము కనబడుచున్నది. చిత్రభారతకర్త చరిగొండ ధర్మన్న తాను శతలేఖిన్యవధానమున సమర్థుడనని చెప్పుకొనెను. వసుచరిత్రకర్త రామరాజభూషణుడును నూరు గంటములకు ఒక్కమారుగా పద్యములను అందింపగల శక్తి తనకు గలదని ప్రకటించెను. నూరుగురు వ్రాయసగాండ్రు గంటములు పట్టి కూర్చుండగా, ఒక్కొక్కనికి ఒక్కొక్క పద్యమునందలి ముక్క చెప్పుచు పోవుట యిచ్చటి భావము. నేడు మనము చూచు అష్టావధాన శతావధానములకు రూపము 19వ శతాబ్దమున ఏర్పడినది. మాడభూషి వేంకటాచార్యులు దానికి త్రోవ వేసినవారిలో ముఖ్యులు. పిదప దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అను జంటకవులు ఊరూర, సంస్థానము సంస్థానమున సభలు చేసి, ఈ విద్యను పండితుల యింటినుండి జనులలోనికి తెచ్చిరి. వారి వెనుక కొప్పరపు సోదరకవులు వచ్చిరి. తెలుగుపండితుడుగా పాఠములు చెప్పిన వేంకటశాస్త్రిగారు 1949లో మద్రాసు ప్రభుత్వమునకు ఆస్థానకవియగుట మా వృత్తివారికి నేటికిని గర్వకారణము.

అష్టావధానము జరుగు తీరును చదువరులు ఎరుగుదురు. అయినను, మనస్సు చేయు పనుల దృష్టితో దానిని మరల చూడవలసియున్నది. పృచ్ఛకులు ఎనమండుగురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపదుల నిత్తురు. ఒకరు నిషిద్ధాక్షరి యని అక్షరమక్షరమునకు అడ్డుపడుదురు. ఒకరు వర్ణన అడుగుదురు. నడుమనడుమ గంట మ్రోగుచుండును. దాని లెక్క తప్పరాదు. అప్రస్తుతప్రసంగి సమయము చూచి సందర్భము లేని ప్రశ్న వేసి, పద్యమును చెడగొట్టుటకే యత్నించును. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పి ముందునకు సాగి, నాలుగు ఆవృత్తములలో పద్యములను ముగించి, తుదకు అన్నింటిని వరుసగా అప్పగించును. దీనిని ధారణ యందురు.

ఇందు ‘అవధానము’ అను ఒక్క పేరు క్రింద ఎన్ని వేరువేరు శక్తులు దాగియున్నవో గమనింపవలెను. ఒక పాదము కుదురువరకు మనస్సును నిలుపుట యొకటి. దానిని విడిచి మరియొకదానిపైకి త్రిప్పుట రెండవది. నోటికి వచ్చిన మాటను, అది నిషిద్ధాక్షరము గనుక, పెదవి దాటకుండ ఆపుట మూడవది. గంట లెక్కను ఒక మూల నిలుపుకొనుట నాలుగవది. గడచినదానిని వెలికి తీయుట ఐదవది. పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు గత నూరేండ్లలో వేరుచేసి పేర్లు పెట్టిన జ్ఞానవ్యాపారములు ఇంచుమించు ఇవియే. ఇవి ఒకదానితో నొకటి పెనవేసికొనియున్నను, ఒకటి బలముగనుండి మరియొకటి బలహీనముగ నుండుటకు అడ్డు లేదు. కథ నంతయు ధారణ చేసిన బాలుడు నాలుగు పాదములు చూచివ్రాయలేకపోవుటలో వైరుధ్యమేమియు లేదని నేను తెలిసికొనినది ఇచ్చటనే.

మరియొక సంగతి. 1956లో అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్, మానవుడు తక్షణస్మృతిలో ఒకమారు నిలుపగలిగినవి ఏడు, దానికి ఒకటి రెండు హెచ్చుతగ్గులుగా నుండునని ఒక ప్రసిద్ధవ్యాసమున చూపెను. ఉత్పలమాల పద్యమునకు ఎనుబది యక్షరములు. ఏడింటి చోట ఎనుబది ఎట్లు పట్టును? విడియక్షరములుగా పట్టవు, మూటలుగా కట్టినచో పట్టును. ఛందస్సు చేయు పని యిదియే. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము ఈ నాలుగింటికిని పాదమునకు ఏడేసి గణములే యుండుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, పాఠము చెప్పునప్పుడు నాకు ముచ్చట గొలుపును. యతి, ప్రాస ముడులవంటివి. ముడి దొరికినచో త్రాడంతయు చేతికి వచ్చును. కనుక అవధాని తన మనోబలముతో మాత్రమే నెగ్గుచున్నాడనుట సగము సత్యము. ఆవృత్తములు, గణములు, యతిప్రాసలు, ఎదుట కూర్చున్న పృచ్ఛకుల వరుస, ఇవన్నియు ఆయన మనస్సునకు వెలుపల కట్టిన ఆసరాలు.

మనస్సునకు ఒకమారు ఒకటియే పట్టునను మాట మనకు క్రొత్తది కాదు. ఒకే క్షణమున అనేక జ్ఞానములు పుట్టకపోవుటయే మనస్సు ఉన్నదనుటకు గుర్తని గౌతముని న్యాయదర్శనము చెప్పినది. కన్ను, చెవి, ముక్కు తమతమ విషయములతో కలిసియే యున్నను, మనకు ఒక్కొక్కటిగనే తెలియుటకు కారణము, నడుమ అణుమాత్రమైన మనస్సు ఉండుట. దీనికి పూర్వపక్షులు తెచ్చిన ఆక్షేపణ రుచికరమైనది. పొడవైన శష్కులిని, అనగా మన చక్కిలమువంటి పిండివంటను, తినువానికి దాని రూపము, వాసన, రుచి, స్పర్శ, కరకర శబ్దము, అన్నియు ఒక్కమారే తెలియుటలేదా యని వారి ప్రశ్న. నూరు కలువరేకులను దొంతిగా పేర్చి సూదితో గ్రుచ్చినప్పుడు ఒక్క దెబ్బకే దిగినట్లు తోచినను, రేకు వెనుక రేకే తెగుచున్నది. మనస్సును అట్లే అతివేగముగా తిరుగుచున్నదని సమాధానము. త్రిప్పిన కొరవి చక్రమువలె కనబడుట మరియొక దృష్టాంతము. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఈ మతమును బాలురకు అర్థమగునట్లు సంగ్రహించెను: మనస్సు పరమాణురూపము; సంస్కారమాత్రమున పుట్టు జ్ఞానము స్మృతి. ఆ చిన్నపొత్తము భారతదేశమంతట తర్కమునకు మొదటి వాచకమైనది.

ఈ సిద్ధాంతము అణువిషయమున నేటి శాస్త్రమునకు సరిపోదు. కాని రేకు వెనుక రేకు అను మాట మాత్రము నిలిచినది. 1927లో ఆర్థర్ జెర్సిల్డ్ చేసిన ప్రయోగములు మొదలుకొని, ఒక పనినుండి మరియొక పనికి మనస్సును త్రిప్పిన ప్రతిమారును కొంత కాలము నష్టమగునని పలుమారు ఋజువైనది. మా ప్రాంతపు ఉద్యోగులు ఒకేసారి నాలుగు పనులు చేయుచున్నామని చెప్పుకొందురు. వారు చేయునది అష్టావధానమే, కాని ధారణ లేని అష్టావధానము.

ఇక తెలుగుమాటలు రెండింటిని చూతము. ‘పరాకు’ అనగా ఏమరుపాటు. రాజసభలలో వంది మాగధులు “పరాకు, బహుపరాకు” అని అరచుచుండిరి. ఏమరవలదని సాక్షాత్తు ప్రభువును హెచ్చరించుట అది. లోపమును చెప్పు మాటయే హెచ్చరికయు నైనది. సింహాసనముపై కూర్చున్నవానికే పరాకు సహజమని, దానికి శిక్ష కాక గుర్తుచేయుమనిషి కావలెనని మన పూర్వులు ఏర్పాటు చేసికొనిరి. రెండవది ‘కుదురు’. గుండ్రని అడుగు గల కుండ దొర్లకుండ దాని క్రింద పెట్టు చుట్ట కుదురు. “కుదురు లేని పిల్లవాడు” అని మన యిండ్లలో అందురు. ఆ మాట నన్నవారు కుండ పగిలినదని చెప్పుటలేదు. దాని క్రింద చుట్ట లేదని చెప్పుచున్నారు. మేము బడిలో వ్రాయు సంస్కృతపదముకంటె ఈ యింటిమాటయే సత్యమునకు చేరువగా నున్నది.

పాశ్చాత్యదేశములలో ఈ లోపమునకు పేరు పెట్టుట సులభముగా జరుగలేదు. స్కాట్లండుకు చెందిన వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లో తన గ్రంథమున అవధానము నిలువకపోవుటను ఒక మనోవ్యాధిగా వర్ణించెను. 1902లో లండనునగరమున జార్జి స్టిల్ అను శిశువైద్యుడు వైద్యుల కళాశాలలో ఉపన్యసించుచు, బుద్ధిలోపము లేకయే తమ్ము తాము ఆపుకొనజాలని పిల్లలను గూర్చి చెప్పెను. కాని దానిని నైతికనిగ్రహలోపమని పిలిచెను. ‘నైతిక’ యను ఆ మాట పిల్లలకు మేలు చేయలేదు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజకరమైన ఒక మందు ఇట్టి పిల్లలలో కొందరిని చిత్రముగా నెమ్మదింపజేయుట కనుగొనెను. 1968లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణగ్రంథము దీనిని బాల్యమునందలి అతిచలనముగా చేర్చినది. అనగా, నాటికి కదలికయే వ్యాధి. కెనడాదేశపు మనశ్శాస్త్రజ్ఞురాలు వర్జీనియా డగ్లస్ 1972లో, అసలు లోపము కదలికలో లేదు, నిలుకడతో అవధరించుటలోను, తొందరను ఆపుకొనుటలోను ఉన్నదని వాదించెను. 1980లో ఆ వర్గీకరణగ్రంథమే పేరు మార్చి అవధానలోపమని వ్రాసినది. 1987లో రెండును కలిసి నేటి ఏ.డి.హెచ్.డి. అను పేరు వచ్చినది. లోకమున నూటికి సుమారు ఐదుగురు పిల్లలకు ఇది యున్నదని పరిశోధకుల లెక్క. నలువదిమంది గల తరగతిలో ఇద్దరు. పదునెనిమిదేండ్లలో నేను ఎందరిని నిందించితినో లెక్కించుట కష్టము కాదు.

మా పాఠశాలనుండి హోసూరు రోడ్డు వెంట ఉత్తరముగా నగరమునకు పోయినచో నిమ్హాన్సు సంస్థ వచ్చును. ఆ స్థలచరిత్రయు మాటల మార్పుచరిత్రయే. మైసూరు ప్రభుత్వము 1925లో ‘పిచ్చివారి ఆశ్రయము’ అను పాతపేరును తీసివేసి మానసికవైద్యశాల యని పిలిచినది. 1954లో దాని ప్రక్కన అఖిలభారత మానసికారోగ్యసంస్థ వెలసినది. 1974లో రెండును కలిసి నేటి సంస్థ యైనది. చట్టము మాత్రము ఇంకను వెనుకబడియున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొని, పఠనలేఖనములలోని ప్రత్యేక అభ్యసనలోపములను చేర్చినది గాని, అవధానలోపమును వేరుగా చేర్చలేదు. పరీక్షలో ఎక్కువ సమయము అడుగుటకు పోయిన తల్లిదండ్రులకు ఈ ఖాళీ ఎంత పెద్దదో తెలియును.

అవధానవిద్య నేర్పినచో ఈ లోపము తీరునని కొందరు మిత్రులు సెలవిచ్చుచున్నారు. నేను అంగీకరింపజాలను. కుంటివానికి పరుగుపందెము మందు కాదు. అభ్యాసము అవసరమే, కాని వైద్యుని చూపవలసినచోట వైద్యునే చూపవలెను. అవధానసభనుండి మేము తీసికొనదగినది పందెము కాదు, ఏర్పాటు.

ఆ బాలుని తల్లి వానిని వైద్యురాలికి చూపినది. ఆమె చెప్పినవి, నేను సభలలో చూచినవి కలిపి, మా తరగతిలో కొన్ని మార్పులు చేసితిని. నల్లబల్లపై పద్యమంతయు ఒకేసారి వ్రాయను. ఒక పాదము వ్రాసి, పిల్లలు వ్రాసినపిమ్మట అర్థము చెప్పి, ఆ బాలునిచేతనే బల్ల తుడిపించి, రెండవ పాదము వ్రాయుదును. లేచుట వానికి ఎట్లును తప్పదు గనుక, లేచుటకు ఒక పని కల్పించితిని. వాడు కిటికీవైపు పోయినచో ప్రక్కనున్న పిల్ల బల్లపై మెల్లగా తట్టును; కేకలు లేవు. మొన్నటి త్రైమాసికపు ప్రగతిపత్రమున, అలవాటు మాట వ్రాయబోయి కలము ఆపి, “పాదము పాదముగా ఇచ్చినచో పద్యమంతయు వ్రాయుచున్నాడు; తుదిపాదమున తొందర కలదు” అని వ్రాసితిని. గడి చాలక ప్రక్కన అంచున వ్రాయవలసివచ్చినది. తండ్రి సంతకము చేసి పంపెను.