అరక్కోణం గూడు వదిలిన ముసలి పక్షి

మా ఊరు నగరి దగ్గర, రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైలు లైను పక్కన. సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడతామని మమ్మల్ని మిగతా జిల్లాలవాళ్ళు ఇప్పటికీ ఎక్కిరిస్తుంటారు. ఆ కలగాపులగం భాష వల్లే చిన్నప్పుడు నాకొక పెద్ద సందేహం పట్టుకుంది. అప్పుడప్పుడూ అరక్కోణం వైపు నుంచి గుయ్యిమని ఒక రొద వచ్చేది. తలెత్తి చూస్తే పొడుగు రెక్కలు వెనక్కి వంచుకుని ఒక విమానం పోతుండేది. అదేందని అడిగితే, పక్కింటి అరవాయన "అది నీళ్ళ కింద కప్పల్ని ఎతికే ఇమానం రా" అన్నాడు. మిలిటరీవాళ్ళకి కప్పలతో పనేందబ్బా అని చాన్నాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నా. అరవంలో కప్పల్ అంటే ఓడ అనీ, ఆయన చెప్పింది సబ్‌మెరైన్ల సంగతనీ హైస్కూలుకి వచ్చాక గానీ వెలగలేదు :)

ఆ విమానం పేరు టుపొలెవ్ టీయూ-142ఎం. కొన్నాళ్ళ కిందట వైజాగ్ వెళ్ళినప్పుడు ఆర్కే బీచిలో దాని కిందే నిలబడ్డాను. పక్కనే ఉన్న మావాడు, "నాన్నా, ఇంత పెద్దదాన్ని లారీలో ఎట్లా తెచ్చారు?" అన్నాడు. జవాబు చెప్పబోయి, నాకే సరిగ్గా తెలీదని గ్రహించి, తర్వాత కూర్చుని చదివాను. ఆ చదివిందే ఇది.

ముందు అరక్కోణం గురించి. మన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. పటాస్కర్ తీర్పుతో తమిళులకి వెళ్ళింది. దాన్ని దాటగానే వచ్చేది అరక్కోణం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడొక రన్‌వే వేశారు. దాన్నే పెంచి, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు చేసి, 1992 మార్చిలో నౌకాదళం ఐఎన్ఎస్ రాజాలి అనే స్థావరంగా ప్రారంభించింది. రాజాలి అంటే అరవంలో డేగ లాంటి వేట పక్షి. 1988లో గోవాకి వచ్చిన టీయూ-142లు ఎనిమిదీ 1992లో ఈ గూటికి చేరాయి. 2017 మార్చి 29న రిటైరయ్యేదాకా, అంటే పాతికేళ్ళు, మా నెత్తి మీద ఎగిరాయి.

అసలు ఈ విమానం పుట్టుకే ఒక విచిత్రం. 1944లో జపాను వైపు బాంబులు వెయ్యటానికి వెళ్ళిన అమెరికా బీ-29 విమానాలు కొన్ని, దెబ్బతినో ఇంధనం అయిపోయో, రష్యా తూర్పు కొసన దిగాయి. రష్యావాళ్ళు వాటిని తిరిగివ్వలేదు. మూడింటిని మాస్కో తెప్పించి, ఒకదాన్ని మరమరా విప్పి, ప్రతి ముక్కా కొలిచి, అచ్చుగుద్దినట్టు టీయూ-4 అనే విమానం తయారుచేశారు. మన భాషలో రివర్స్ ఇంజనీరింగ్. అమెరికా రేకుల మందం అంగుళాల్లో, రష్యా ఫ్యాక్టరీల రేకులు మిల్లీమీటర్లలో ఉండటంతో వాళ్ళు పడ్డ తిప్పలు, డేటా మైగ్రేషన్ చేసినవాళ్ళకి బాగా అర్థమవుతాయి. ఆ టీయూ-4 వారసత్వం లోంచే 1952లో ఎగిరిన టీయూ-95 వచ్చింది, దాన్ని సముద్రం పనికి మార్చితే టీయూ-142 అయ్యింది. బీ-29 ఒంటి చుట్టుకొలత అట్లాగే దిగుతూ వచ్చింది. అడ్డంగా 2.9 మీటర్లు. మూలం ఎవరు రాశారో మర్చిపోయిన పాత కోడు ఇంకా ప్రొడక్షన్లో నడుస్తున్నట్టన్నమాట.

పొడవు 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటీ 15 వేల హార్స్ పవర్. ఒక్కో ఇంజనుకి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. వాటి కొసలు ధ్వనివేగాన్ని దాటతాయి. నగరి దాకా వినపడిన ఆ గుయ్యి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

ఇక మావాడి ప్రశ్నకొద్దాం. ఆయుష్షు తీరిన మిలిటరీ విమానానికి మామూలుగా రెండే దారులు. పనికొచ్చే భాగాలు పీక్కుని, మిగిలింది తుక్కు కింద తూకానికి అమ్మటం. లేదంటే ఏ గేటు ముందో దిమ్మె మీద నిలబెట్టి మర్చిపోవటం. మ్యూజియం అనేది మూడో దారి, అన్నిటికన్నా ఖర్చుతో కూడింది. అరక్కోణం నుంచి వైజాగ్‌కి రోడ్డున ఎనిమిదొందల కిలోమీటర్ల పైనే. అంత దూరం ముక్కలుగా లాక్కుపోవటం కంటే, ప్రాణం ఉండగానే ఎగరేసుకుపోవటం మేలు. అట్లానే చేశారు. 2017 ఏప్రిల్ 8న అది వైజాగ్‌లోని ఐఎన్ఎస్ డేగాలో దిగింది. అదే ఆఖరు ల్యాండింగు. ముఖ్యమంత్రి వెళ్ళి స్వాగతం చెప్పారు.

చిత్రమేమంటే, వందల కిలోమీటర్లు అది తనంతట తాను వచ్చేసింది. కష్టమంతా రన్‌వే నుంచి బీచి దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే. 50 మీటర్ల రెక్కలతో ఏ రోడ్డు మీదా పోవటం కుదరదు. రెక్కలు, తోక, ఇంజన్లు విప్పాలి. విమానం రెక్కంటే సైకిలు చక్రం కాదు కదా. బరువంతా మోసేది అక్కడి అతుకే. ఒక్కో బోల్టు ఏ వరసలో వదులు చెయ్యాలి, విప్పేటప్పుడు మిగతా ఒళ్ళు ఎక్కడ ఆనాలి అన్నీ ముందే లెక్క కట్టుకోవాలి. ఆ ముక్కల్ని పొడుగు ట్రైలర్ల మీద ఊళ్ళోంచి దాటించి, బీచి రోడ్డులో మళ్ళీ క్రేన్లతో ఎత్తి బిగించారు. సుమారు 14 కోట్లు ఖర్చయింది. 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆఖరి ల్యాండింగు నుంచి దాదాపు ఎనిమిది నెలలు. ఏ మాటకామాట, మన దగ్గర ఒక ఫ్లైఓవరు మొదలై పూర్తయ్యే లెక్కలో చూస్తే ఇది మెరుపు వేగమే.

అదే గూటి నుంచి ఇంకో టీయూ-142 కాకినాడ బీచికి చేరింది. కాకినాడలో అంతటిది దిగే రన్‌వే లేదు. కాబట్టి దానికి ఎగిరే భాగ్యం లేదు, విప్పదీసి రోడ్డున తేవాల్సిందే. ఒక అన్న ఎగురుకుంటూ పోయాడు, తమ్ముడు లారీ ఎక్కాడు. ఇద్దరూ చేరింది మాత్రం సముద్రం ఒడ్డుకే. నా బాధంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇనుము తుప్పు పడితే ఎర్రగా కనపడుతుంది, మనం గోలపెడతాం. విమానం ఒళ్ళు అల్యూమినియం. దాని తుప్పు తెల్లటి పొడి, పెయింటు కింద దాక్కుంటుంది. మామూలుగా అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడు పొర ఏర్పడి అదే కవచంలా కాపాడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పొరని చిల్లులు పొడుస్తుంది. గట్టిదనం కోసం రాగి కలిపిన అల్యూమినియానికి ఈ జబ్బు ఇంకా తొందరగా పడుతుంది. స్టీలు బోల్టు అల్యూమినియం రేకుని తాకేచోట ఉప్పు తేమ చేరితే అదొక బుల్లి బ్యాటరీ అయిపోయి, రేకు లోపల్లోపలే కరిగిపోతుంది. కొన్నాళ్ళకి రేకు పరోటా పొరల్లా విచ్చుకుంటుంది. సర్వీసులో ఉన్నప్పుడు సముద్రం మీద కిందుగా ఎగిరొచ్చిన విమానాన్ని మంచినీళ్ళతో కడుగుతారు, ప్రతి అతుకూ తడిమి చూసే మనుషులుంటారు. రిటైరయ్యాక ఆ మనుషులు ఉండరు, ఉప్పుగాలి మాత్రం రోజూ డ్యూటీకి వస్తుంది.

ఇందుకు పూర్తిగా ఎదురైన కథ ఒకటుంది, చెప్పి తీరాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిషువాళ్ళు తమ లిబరేటర్ బాంబర్లని కాన్పూరులో గుట్టగా వదిలేసి, మళ్ళీ ఎవరూ ఎగరెయ్యకుండా చెడగొట్టి మరీ వెళ్ళారు. అవి ఎండకీ వానకీ కుళ్ళుతూ పడున్నాయి. 1948లో మన హెచ్ఏఎల్ వాళ్ళు ఆ గుట్టలోంచి కాస్త బాగున్నవాటిని ఏరి, ఒకదాని భాగాలు ఇంకోదానికి వేసి, బెంగుళూరు దాకా ఎగిరితే చాలన్నంత మాత్రం రిపేరు చేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ అట్లాంటివి 42 విమానాల్ని ఒక్కొక్కటిగా బెంగుళూరు చేర్చాడు. అక్కడ పూర్తిగా బాగుచేస్తే 1968 చివరి దాకా వాయుసేనకి పనిచేశాయి.

ఆ తర్వాతేమైంది? అమెరికాలోని ఆరిజోనాలో పీమా మ్యూజియంకి ఒకటి 1969లో మనదేశం నుంచే ఎగిరి వెళ్ళింది. లండన్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి ఇంకోటి 1974లో వెళ్ళింది. కెనడాకీ ఒకటి. అంటే తుక్కు లోంచి బతికించింది మనం, ఇప్పుడు పై కప్పు కింద తుడిచి పెట్టుకుని చూసుకుంటున్నది ఎక్కువగా వాళ్ళు. పాలంలో మన వాయుసేన మ్యూజియం ఒకటి ఉంచుకుంది, అదే మేలు.

ఎందుకిట్లా? తెలివి తక్కువయ్యి కాదని కాన్పూరే చెబుతోంది. ధైర్యమూ ఉంది. మనకి లేనిది రోజువారీ ఓపికకి బడ్జెట్టు. గో-లైవ్ రోజు కేకు కోస్తాం, పెద్ద బాసు వచ్చి ఫోటో దిగుతాడు. ఆ తర్వాత పదేళ్ళు ప్యాచులు వేసే సపోర్టు టీము పేరు ఎవరికీ గుర్తుండదు, ఖర్చు తగ్గించాలంటే మొదట కోసేది దాన్నే. మ్యూజియం కూడా అంతే. విమానాన్ని తేవటం గో-లైవ్. ఏటా అతుకులు తెరిచి చూడటం, పెయింటు గీకి మళ్ళీ వెయ్యటం, లోపల చేరిన తేమని పీల్చెయ్యటం సపోర్టు. 14 కోట్ల లెక్క అందరికీ తెలుసు. నిర్వహణకి ఏటా ఎంత పక్కన పెడుతున్నారని అడిగే అలవాటు మాత్రం మనకి లేదు.

ఇదే బీచిలో రోడ్డుకి అటువైపు 2002 నుంచి కురుసుర సబ్‌మెరైన్ ఉంది. అది సముద్రం కోసమే కట్టిన ఉక్కు పడవ, పైగా హుద్‌హుద్ తుపానుని కూడా తట్టుకుంది. దానికే ఒడ్డు మీద పదేపదే మరమ్మతులు తప్పట్లేదు. రెండు మిల్లీమీటర్ల రేకు సంగతి మీరే ఊహించుకోండి.

బీచిలో పెట్టటం తప్పని నేనను. జనం వచ్చేది అక్కడికే, పిల్లలు చూడకపోతే మ్యూజియం దేనికి? కానీ ఉప్పుగాలికి పక్కనే పెట్టాలనుకున్నప్పుడు, ఆ ఉప్పుతో రోజూ పోట్లాడే మనుషుల జీతం కూడా మొదటి ఎస్టిమేట్లోనే రాయాలి. రేపు మన తిరుపతికో చిత్తూరుకో పాత మిగ్ ఒకటి ఇప్పించమని ఏ నాయకుడైనా అడిగాడనుకోండి, సంతోషమే. మనకి సముద్రపు గాలి తగలదు కాబట్టి విమానం ఇంకా నాలుగేళ్ళు ఎక్కువే బతుకుతుంది. కాకపోతే విమానం కంటే ముందు పై కప్పు అడగండి, ఒక టెక్నీషియన్ పోస్టు అడగండి. అవి ఇస్తామంటేనే విమానం తెచ్చుకుందాం.

మావాడికి ఇదంతా చెప్తే సాంతం విని, "అయితే దాన్ని ఇప్పుడెవరు కడుగుతున్నారు నాన్నా?" అన్నాడు.

నాకు తెలిసినంతలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఈసారి ఆర్కే బీచికెళ్ళినప్పుడు టికెట్టు కొని లోపలికెళ్ళండి. సెల్ఫీ దిగాక, రెక్క కింద నిలబడి రివెట్ల వరసల్లోకి ఒక్కసారి తలెత్తి చూడండి. తెల్లటి పొడి కనపడితే కౌంటర్లో ఉన్నాయనకి చెప్పి రండి.