దీవుల దారిలో మిషన్ ఓడలు

పసిఫిక్ దీవులకు క్రైస్తవం ఓడల మీద వచ్చింది. రెండు శతాబ్దాలకు పైబడిన ఆ కథను మనం ఎక్కువగా బిషప్పుల పేర్లతో, మిషనరీల పేర్లతో చెప్పుకుంటాం. ఆ ఓడలు నడిచింది మాత్రం జీతం అడగని పనివాళ్ళ కష్టం మీద, పిల్లలు కూడబెట్టిన చిల్లర మీద, అన్నిటికీ మించి దీవులవాళ్ళ నమ్మకం మీద. ఆ నమ్మకం ఎలా కుదిరిందో, ఎక్కడ చెదిరిందో తెలిస్తేనే ఈ సేవకు అర్థం తెలుస్తుంది.

ప్రొటెస్టంట్ మిషనరీలను తెచ్చిన మొదటి ఓడ ‘డఫ్’. లండన్ మిషనరీ సొసైటీ 1796లో దాన్ని పంపింది. కెప్టెన్ జేమ్స్ విల్సన్ జీతం ఆశించకుండా తానే ముందుకొచ్చాడు. ఆయనకు మన దక్షిణాది బాగా తెలుసు. ఈస్టిండియా కంపెనీ యుద్ధాల కాలంలో హైదరలీ మనుషులకు చిక్కి, శ్రీరంగపట్టణం చెరలో దాదాపు రెండేళ్ళు మగ్గాడు. డఫ్ 1797 మార్చి 5న తాహితీలోని మతావాయి అఖాతం చేరింది. అందులో వచ్చిన 30 మంది మిషనరీలలో దీక్ష పొందిన పాస్టర్లు నలుగురే. మిగతావాళ్ళు వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, నేతగాళ్ళు, దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు. చేతిపని తెలిసినవాళ్ళే అక్కడ పనికొస్తారని సొసైటీ తలచింది.

ఆ ఆలోచన ఎంత సరైనదో 1827లో రరొటొంగా దీవిలో తేలింది. వేరే దీవులకు వెళ్ళే ఓడ లేక, అదే సొసైటీ మిషనరీ జాన్ విలియమ్స్ అక్కడే ఒకటి కట్టడానికి పూనుకున్నాడు. రంపం లేదు, చెట్లను చీలలు దిగ్గొట్టి చీల్చి, గొడ్డళ్ళతో చెక్కి పలకలు తీశారు. కొలిమితిత్తుల కోసం మేకలను కోసి తోళ్ళు బిగిస్తే, రాత్రికి రాత్రి ఎలుకలు తినేశాయి. అప్పుడు చెక్కపెట్టెతోనే గాలి కొట్టే యంత్రం తయారుచేశాడు. ఇనుప మేకులు చాలక కొయ్య చీలలు దిగ్గొట్టారు. పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరారు, గోగు జాతి చెట్టు నారతో తాళ్ళు పేనారు, పడుకునే చాపలను కలిపి కుట్టి తెరచాపలు కట్టారు. ‘మెసెంజర్ ఆఫ్ పీస్’ అని పేరుపెట్టిన ఆ ఓడలోనే 1830లో ఆయన సమోవా చేరాడు. పేరు విలియమ్స్‌కు వచ్చింది. కానీ రరొటొంగా జనం చేతులు పడకపోతే ఆ ఓడ నీళ్ళ మొహం చూసేదే కాదు.

అసలు రరొటొంగాలో తొలి ఉపదేశి కూడా దీవులవాడే. 1823లో అక్కడ ఎదురైన ప్రమాదానికి జడిసి ఓడ వెనుదిరగబోతుంటే, పాపేయిహా అనే యువకుడు ‘మరో తోడును పంపండి చాలు’ అని తానొక్కడే దిగిపోయాడు. ఆ తర్వాతి దశాబ్దాలలో దీవి తర్వాత దీవిలో ముందుగా కాలు మోపింది ఇలాంటి పోలినేషియన్ ఉపదేశులే. జ్వరాలకు, దాడులకు ఎక్కువగా బలైందీ వాళ్ళే.

విలియమ్స్ 1839లో ఎర్రొమంగో దీవిలో హతుడయ్యాక, ఆయన పేరుతో ఇంగ్లండ్ పిల్లలు పెన్నీలు పోగుచేసి 1844లో ఒక ఓడ కొనిచ్చారు. అదే పేరు ఆ తర్వాత వచ్చిన ఓడలకూ నిలిచింది. 1856లో అమెరికన్ బోర్డు అనే మిషన్ సంస్థ కట్టించిన ‘మార్నింగ్ స్టార్’లో సండే స్కూలు పిల్లలకు తలా పది సెంట్ల వాటా ఉండేది. పగడపు దిబ్బల చుట్టూ లంగరు దిగే చోటు దొరకడం కష్టం. అందుకే ఓడ బయటే తిరుగుతూ ఉంటే, చిన్న పడవల్లో అలల మధ్య నుంచి మనుషులనూ మూటలనూ ఒడ్డుకు చేర్చేవారు.

ఈ మార్గంలో అతి చేదు పాఠం 1871లో ఎదురైంది. ‘సదరన్ క్రాస్’ ఓడ మీద మెలనేషియా దీవులు తిరిగిన బిషప్ జాన్ పాటెసన్‌కు ఒక అలవాటు ఉండేది. పడవను దూరంగా ఆపి, ఎవరూ బెదరకుండా తానొక్కడే ఒడ్డుకు వెళ్ళేవాడు. ఆ రోజుల్లో క్వీన్స్‌లాండ్, ఫిజీ తోటలకు కూలీలను పట్టుకుపోయే ఓడలు ఆ నీళ్ళలోనే తిరుగుతుండేవి. మిషన్ ఓడలా నటించి మనుషులను ఎత్తుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. సెప్టెంబరు 20న నుకాపు దీవిలో పాటెసన్‌ను చంపి, చాపలో చుట్టి, ఐదు ముడులు వేసిన తాటి జాతి ఆకుతో దోనెలో వదిలారు. అంతకుముందు ఆ దీవి నుంచి ఐదుగురిని ఎత్తుకుపోయారు. ముడులు ఆ లెక్కకేనని చెబుతారు. మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు పసిఫిక్ దీవులవాసుల రక్షణ చట్టం చేసింది. దీవులవాళ్ళకు ఓడ కనిపిస్తే భయం ఎందుకు పుడుతుందో లోకానికి అర్థమైంది. ఓడలు తెచ్చిన తట్టు లాంటి రోగాలు ఆ భయాన్ని ఇంకా పెంచాయి.

ఆ తర్వాత క్రమంగా పని తీరు మారింది. 1890లో అడ్వెంటిస్టుల ‘పిట్‌కెర్న్’ ఓడను కాలిఫోర్నియాలోని బెనీషియా రేవులో కట్టారు. అదే ఊరి నుంచి 1981లో ‘కాన్వాస్‌బ్యాక్ మిషన్స్’ పుట్టింది. జేమీ, జాక్ స్పెన్స్ దంపతులు 71 అడుగుల కాటమరాన్‌లో స్వచ్ఛంద వైద్యులను మార్షల్ దీవులకు తీసుకెళ్ళారు. పళ్ళు, కళ్ళు బాగుచేసే పరికరాలు, మందులు పడవలోనే ఉండేవి. దీని అడుగు పెద్దగా లోతుకు దిగదు కనుక పెద్ద ఓడలు వెళ్ళలేని చోట్లకూ చేరగలిగేది. తర్వాత ఆ సంస్థ తన పనిని ఒడ్డు మీది ఆసుపత్రులకు మార్చింది. మధుమేహంపై పోరాటం అందులో పెద్ద భాగమైంది.

ఈనాడు సేవ చేస్తామని పడవెక్కేవాళ్ళు ఈ చరిత్రను చదివి బయలుదేరాలి. తెరచాప పైకి లాగడం, వంట, వాంతులతో పడిపోయిన తోటివాణ్ణి చూసుకోవడం, రాత్రి కాపలా లాంటి చిన్న పనులకూ సిద్ధపడాలి. దానికంటే ముందు ఆ దీవి పెద్దల మాట వినాలి, వాళ్ళు అడిగిన సాయమే చేయాలి, చెప్పిన మాట ప్రకారం మళ్ళీ రావాలి. నేర్చుకున్న పనిని అక్కడి యువకులకు అప్పగించాలి. పాపేయిహా లాంటివాళ్ళు పడిన కష్టానికి మనం చూపించగల గౌరవం ఇదే.