తూర్పు కనుమల మొబైల్ బెల్ట్

తూర్పు కనుమల మొబైల్ బెల్ట్ భారత ద్వీపకల్పపు తూర్పు తీరం వెంట సాగే అతి పురాతన రూపాంతర శిలల పట్టీ. ఒడిశాలో బ్రాహ్మణి నది పరిసరాల్లో మొదలై ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు ప్రాంతం దాకా వ్యాపించింది. అనకాపల్లి జిల్లాలోని పాయకరావుపేట, తాండవ నదికి అవతలి ఒడ్డున ఉన్న తుని ఈ పట్టీ మీదివే. పైకి ఒకే కొండల వరుసలా కనిపించినా ఇది ఒకేసారి ఏర్పడినది కాదు. వేర్వేరు కాలాల్లో పుట్టిన భూపటల ఖండాలు ఒకదాన్నొకటి ఢీకొని అతుక్కోగా తయారైంది. గోదావరికి దక్షిణాన ఉన్న భాగం సుమారు 160 కోట్ల ఏళ్ల కిందటి తాకిడి ఫలితం. పాయకరావుపేట ఉన్న ఉత్తర భాగం దానికి మరో 60 కోట్ల ఏళ్ల తర్వాత రూపుదిద్దుకుంది.

సరిహద్దులు

పట్టీకి నైరుతిన ధార్వార్, పడమర బస్తర్, ఉత్తరాన సింగ్‌భూమ్ క్రేటాన్‌లు ఉన్నాయి. క్రేటాన్ అంటే చాలా కాలంగా పెద్ద కదలికలు లేకుండా స్థిరపడ్డ భూపటల ఖండం. ఈ మూడూ 250 కోట్ల ఏళ్లకు పూర్వపు శిలలతో ఏర్పడినవి. బస్తర్ క్రేటాన్‌కూ తూర్పు కనుమలకూ మధ్య హద్దుగా సీలేరు కోత మండలం (షియర్ జోన్) ఉంది. అక్కడి శిలలు ఒత్తిడికి నలిగి, సాగి, చారలు తేలి కనిపిస్తాయి. తూర్పు హద్దు బంగాళాఖాతం. పట్టీ అసలు తూర్పు భాగం సముద్రానికి ఆవల, అంటార్కిటికాలో ఉంది.

శిలలు

పట్టీలో ప్రధానమైనవి ఖొండలైట్, చార్నోకైట్. గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ ఉండే ఖొండలైట్ ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న బంకమట్టి. అది భూగర్భంలోకి దిగి, వేడికీ ఒత్తిడికీ లోనై శిలగా మారింది. విశాఖపట్నంలోని డాల్ఫిన్ నోస్ కొండ ఈ రాయిదే. నీలి, ఆకుపచ్చ ఛాయలతో నల్లగా ఉండే చార్నోకైట్‌ను గుర్తుపట్టించే ఖనిజం హైపర్‌స్థీన్. బొర్రా గుహలు ఏర్పడిన సున్నపురాయి కూడా ఖొండలైట్ సముదాయంలోదే.

అనకాపల్లి, పాడేరు ప్రాంతాల్లో సఫిరిన్ అనే అరుదైన ఖనిజం ఉన్న గ్రాన్యులైట్ శిలలు దొరికాయి. ఇవి సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిని చవిచూశాయని వీటిలోని ఖనిజాల కలయిక చెబుతోంది. 900 డిగ్రీలు దాటిన రూపాంతరణ ప్రపంచంలో కొద్ది చోట్లే కనిపిస్తుంది. ఈ శిలలపై పడిన ఒత్తిడిని బట్టి అవి అప్పట్లో దాదాపు 25 నుంచి 35 కిలోమీటర్ల లోతున ఉండేవని అంచనా. అంటే నేడు మనం చూసే కొండలు ఆనాటి పర్వత శిఖరాలు కావు. పైభాగం కోతకు గురై పోగా బయటపడ్డ పర్వత మూలాలు.

ఏర్పడిన క్రమం

మొదటి దశ ధార్వార్ క్రేటాన్ తూర్పు అంచున జరిగింది. నెల్లూరు శిస్టు పట్టీలో సుమారు 185 కోట్ల ఏళ్ల నాటి సముద్రగర్భ శిలల శకలాలు ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండి, తర్వాత మూసుకుపోయిందనడానికి వీటినే ఆధారంగా చూపుతారు. అటుపై సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట, పట్టీలో గోదావరికి దక్షిణాన ఉన్న ఒంగోలు ఖండం తీవ్రమైన వేడికి లోనై ధార్వార్ అంచుకు చేరింది.

రెండో దశ గోదావరికి ఉత్తరాన. సుమారు 110 నుంచి 90 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగమూ తూర్పు అంటార్కిటికాలోని ఒక భాగమూ ఢీకొన్నాయి. భూఖండాలన్నీ దగ్గరై రొడీనియా అనే మహాఖండం ఏర్పడుతున్న కాలమది. అంటార్కిటికాలోని రేనర్ శిలా సముదాయం వయసూ స్వభావమూ ఉత్తర తూర్పు కనుమలతో సరిపోలుతాయి. అందుకే ఈ రెంటినీ ఒకే పర్వత శ్రేణి తెగిన ముక్కలుగా భావిస్తారు. అంటార్కిటికాలో భారత్ 2012లో ప్రారంభించిన ‘భారతి’ పరిశోధన కేంద్రం లార్స్‌మన్ హిల్స్‌లో ఉంది. ఒకప్పుడు భారత తూర్పు తీరానికి ఆనుకొని ఉన్న నేల అది.

సుమారు 55 నుంచి 50 కోట్ల ఏళ్ల కిందట, గోండ్వానా మహాఖండం కూడుతున్నప్పుడు, పాత అతుకులు మళ్లీ కదిలాయి. పట్టీ పడమటి అంచు బస్తర్ క్రేటాన్ మీదికి ఎక్కింది. తర్వాత గోదావరి లోయ వెంట భూమి కుంగి, అందులో సింగరేణి బొగ్గు ఉన్న గోండ్వానా పొరలు పేరుకున్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా విడిపోవడంతో నేటి తూర్పు తీరం ఏర్పడింది.

అధ్యయన చరిత్ర

చార్నోకైట్‌కు 1893లో టి. హెచ్. హాలండ్, ఖొండలైట్‌కు 1902లో టి. ఎల్. వాకర్ పేర్లు పెట్టారు. ఇద్దరూ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసినవారే. 1936లో ఎల్. ఎల్. ఫెర్మోర్ చార్నోకైట్ ఉన్న ప్రాంతాన్ని ద్వీపకల్పంలోని మిగతా పురాతన శిలల నుంచి వేరుచేసి చూపారు. 1941లో సి. మహదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగాన్ని నెలకొల్పాక ఈ శిలల అధ్యయనానికి వాల్తేరు కేంద్రమైంది.

2001లో రికర్స్, మెజ్గర్, రైత్ నియోడిమియం ఐసోటోపుల ఆధారంగా పట్టీని వేర్వేరు ఖండాలుగా విడదీశారు. 2003లో డోబ్‌మయర్, రైత్ దాన్ని కృష్ణా, జయపురం, తూర్పు కనుమలు, రెంగాలి అనే నాలుగు ప్రావిన్సులుగా వర్గీకరించారు. 2006లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం, కెవిన్ బర్క్ తదితరులు పడమటి అంచున ఏల్చూరు, కూనవరం వంటి చోట్ల ఉన్న క్షార శిలలపై దృష్టి పెట్టారు. ఖండం చీలినప్పుడు పుట్టిన ఈ శిలలు, ఆ చీలిక తిరిగి మూసుకున్నప్పుడు నలిగాయనీ, కాబట్టి ఇవి పాత అతుకులకు గుర్తులనీ ప్రతిపాదించారు.

నేటి రూపం

ఖొండలైట్ తేలిగ్గా శిథిలమవుతుంది. అరకు, చింతపల్లి పీఠభూముల మీది బాక్సైట్ నిక్షేపాలు, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు ఈ శిథిలత ఫలితాలే. తీరపు ఇసుకలోని గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మనైట్, మోనజైట్ ఈ కొండల నుంచి నదులు మోసుకొచ్చినవి. కనుమల్లో పుట్టిన తాండవ పాయకరావుపేట మండలంలోని పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది.

భిన్నాభిప్రాయాలు

ఉత్తర భాగం భారత్‌తో చివరిసారిగా ఎప్పుడు అతుక్కుందన్నది తేలలేదు. సుమారు 95 కోట్ల ఏళ్ల కిందటే అతుకు పూర్తయిందని కొందరంటారు. 50 కోట్ల ఏళ్ల నాటి కదలికే అసలు కలయిక అని మరికొందరి వాదన. ఒంగోలు ఖండానికి అంటార్కిటికాలోని నేపియర్ సముదాయంతో సంబంధం ఉందా అన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. జిర్కాన్, మోనజైట్ రేణువుల్లో యురేనియం సీసంగా మారిన లెక్కను బట్టి శిలల వయసు కడతారు. కానీ ఒకే రేణువు రెండు మూడు సార్లు వేడెక్కి ఉంటే అందులో ఒకటి కంటే ఎక్కువ వయసులు నమోదవుతాయి. వాటిలో ఏది ఢీకొన్న కాలానిది, ఏది తర్వాతి కదలికది అన్న దగ్గరే ఈ వాదాలన్నీ చీలుతున్నాయి.