రాత్రిపూట కరెంటు తాగే కారు

1974లో బెజవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రికల్ షెడ్డులో పనికి చేరాను. మా మేస్త్రీ మొదట నేర్పింది చేత్తో చూడటం. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయిందని ఎవరైనా బండి తెస్తే, చార్జి చేసిన బ్యాటరీ కట్టి, ఇంజను వేయకుండా ఐదు నిమిషాలు ఆగమనేవారు. "ఇప్పుడు డైనమో మీద అరచెయ్యి పెట్టరా" అనేవారు. వెచ్చగా తగిలితే, బండి ఆగగానే డైనమోనీ బ్యాటరీనీ విడదీయాల్సిన కటౌట్ పాయింట్లు అతుక్కుపోయినట్టే. బ్యాటరీని నింపాల్సిన డైనమో, బండి ఆగాక తిరిగి బ్యాటరీనే తాగుతుంది. కటౌట్ మూత తీసి, పాయింట్లు విడదీసి, సన్నటి ఉప్పుకాగితంతో రుద్దితే దారిలో పడేది.

అప్పట్లో మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ అంబాసిడర్లే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన బండి కాబట్టి వైర్ల రంగులూ ఆ దేశం పద్ధతే. బ్రౌన్ వైరు నేరుగా బ్యాటరీది, దానికి తాళంతో పని లేదు. తెల్లదాంట్లో తాళం తిప్పితేనే కరెంటు. ఆకుపచ్చది తాళమూ ఫ్యూజూ రెండూ దాటి వచ్చింది. నల్లది ఎర్త్. బండి మొత్తానికి ఫ్యూజులు రెండే! తాళం తీశాక కరెంటు పోతోందంటే ముందు బ్రౌన్ వైరు పట్టుకుని వెతకాలి. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత బండ్లు చాలావాటికి ప్లస్సే బాడీకి ఎర్త్. అది చూసుకోకుండా బ్యాటరీ కట్టకూడదని మేస్త్రీ మరీ మరీ చెప్పేవారు.

అప్పట్లో మీటర్ కొనే స్తోమత మా షెడ్డుకి లేదు. హోల్డరులో ఒక బల్బు, రెండు వైర్లు, అంతే. బ్యాటరీ ఎర్త్ కేబుల్ ఊడదీసి, మధ్యలో ఆ బల్బు పెడతాం. వెలిగితే ఎక్కడో కరెంటు పోతున్నట్టు. ఒక్కో వైరూ తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు బల్బు ఆరిందో అదే దొంగ. డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు చిన్నదే. కానీ సుమారు 0.4 ఆంపియర్ లెక్కన 45 ఆంపియర్ అవర్ బ్యాటరీని సుమారు నాలుగున్నర రోజుల్లో పూర్తిగా ఖాళీ చేస్తుంది. సెల్ఫ్ అంతకంటే చాలా ముందే మొరాయిస్తుంది.

డైనమోకి పెద్ద లోపం, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చార్జింగ్ రాదు. అమెరికాలో క్రిస్లర్ వాళ్లు 1960 మోడల్ వేలియంట్ కారుకి డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టారు. మన దగ్గరికి అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అది వచ్చాక కటౌట్ పోయి, ఆ పని డయోడ్లు చేశాయి. దొంగ పేరు మారింది.

మొన్న సంక్రాంతి ముందు 90ల నాటి అంబాసిడర్ ఒకటి వచ్చింది. "రెండు బ్యాటరీలు మార్చారండీ మేస్త్రీగారూ, మూడోరోజుకే సెల్ఫ్ తిరగట్లేదు" అన్నారు ఓనరుగారు. బల్బు పెడితే ధగధగా వెలిగింది. ఫ్యూజులు రెండూ తీశాను, తగ్గలేదు. టేప్‌రికార్డరు వైరు తీశాను, తగ్గలేదు. బల్బు తీసేసి కేబుల్ మామూలుగా బిగించి, స్క్రూడ్రైవర్ మొనని ఆల్టర్నేటర్ పుల్లీ నట్టు దగ్గరికి తీసుకెళ్లాను. తాళం నా జేబులో ఉంది. అయినా మొన చటుక్కున నట్టుకి అతుక్కుంది.

తాళం లేకుండా లోపలి రోటర్ ఇంత బలమైన అయస్కాంతం కావడానికి వీల్లేదు. ఒక డయోడ్ షార్ట్ అయి, బ్యాటరీ కరెంటు దాని గుండా వెనక్కి నడిచి రోటర్ మీది ఫీల్డ్ కాయిల్‌కి చేరుతోంది. అరచెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. మళ్లీ బల్బు కట్టి, ఆల్టర్నేటర్ వైర్లన్నీ ఊడదీస్తే బల్బు ఆరిపోయింది. సాయంత్రానికి డయోడ్ ప్లేటు మార్చి, బండిని షెడ్డులోనే రెండు రాత్రులు ఉంచుకున్నాను. మూడోరోజు పొద్దున ఓనరుగారే వచ్చి సెల్ఫ్ కొట్టారు.