తోలు అంచుల మెరుగు

తోలును కోసినప్పుడు అంచున తేలే పీచును అణచి, గట్టిపరిచి, నునుపు తేల్చే పని అంచుల మెరుగు. చెప్పులు, బెల్టులు, సంచుల తయారీలో ఇది చివరి దశల్లో ఒకటి. దీనివల్ల అంచు పొరలుగా విడిపోదు, తేమ త్వరగా పీల్చుకోదు.

ముందుగా పదునైన రంపెతో (తోలు కోసే కత్తితో) అంచును నిటారుగా కోస్తారు. మూలలు చెక్కి, గరుకు కాగితంతో రుద్దుతారు. కొద్దిగా తడిపి, నున్నని కర్రతోగాని కొమ్ముతోగాని వేగంగా రుద్దుతారు. రాపిడి వేడికి పీచు అతుక్కుని, అంచు ముదురు రంగు తేలి గాజులా మెరుస్తుంది. నీరు ఎక్కువైతే అంచు మెత్తబడి పక్కలకు ఒరుగుతుంది. చివర మైనం పూసి గుడ్డతో తుడుస్తారు.

తెలంగాణ పల్లెల్లో మాదిగలు లందల్లో (తోళ్లు నానబెట్టే గుంతల్లో) తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారు. ఇలా చెట్ల బెరడుతో పదును చేసిన తోలే ఈ మెరుగుకు బాగా లొంగుతుంది. క్రోమియంతో పదును చేసిన తోలు అంచుకు సాధారణంగా రంగు పూత వేస్తారు.