ఉల్కాశిల నల్లని చర్మం

రాత్రివేళ ఆరుబయట పడుకున్నప్పుడు చుక్క రాలడం మీరు చూసే ఉంటారు. ఆకాశంలో తెల్లని గీత ఒకటి మెరిసి, రెప్పపాటులో మాయమవుతుంది. రాలింది చుక్క కాదు. ఇసుక రేణువంత పదార్థం అంతరిక్షం నుంచి మహావేగంతో వచ్చి మన వాతావరణంలో కాలిపోతుంది. దీన్నే ఉల్క అంటాం. ఎప్పుడో ఒకసారి, కాస్త పెద్ద ముక్క పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరుతుంది. అలా చేరినదాన్ని ఉల్కాశిల అంటాం.

ఇప్పుడు ఒక ప్రశ్న. పొలం గట్టున మీకొక నల్లని రాయి దొరికిందనుకోండి. అది ఆకాశం నుంచి పడిందో, పాత కొలిమి నుంచి వచ్చిన ఇనుప చిట్టెమో ఎలా తెలుసుకుంటారు? మొదట చూడవలసింది దాని పైపొరను. చాలా రాళ్ళలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండని ఈ పొర ఏం చెబుతోందో గ్రహించడానికి పండితులకు చాలా కాలం పట్టింది. ఆ చరిత్రలో కాశీ దగ్గరి ఒక పల్లెటూరికి ముఖ్యమైన స్థానం ఉంది.

పిడుగు కాల్చిన రాయా?

1768 సెప్టెంబరు 13న ఫ్రాన్సులోని లూసే గ్రామం దగ్గర, కోతపనిలో ఉన్నవారికి ఉరుములాంటి చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే ఒక రాయి వంపు తిరిగి వచ్చి నేలలో దిగబడింది. దాని ముక్క పారిస్‌లోని సైన్స్ అకాడమీకి చేరింది. దాన్ని పరీక్షించిన ముగ్గురిలో ఒకరు, తర్వాతి కాలంలో ఆధునిక రసాయనశాస్త్ర పితామహుడుగా పేరు పొందిన లెవోయిజర్. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

రాయి లోపల బూడిదరంగుగా ఉంది. పైన మాత్రం కరిగి గట్టిపడిన పలుచని నల్లని పొర ఉంది. దీన్నిబట్టి వారు ఒక సంగతి సరిగానే గ్రహించారు. రాయికి తగిలిన వేడి చాలా తీవ్రమైనది, కాని క్షణకాలమే ఉంది. అందుకే పైభాగం కరిగినా లోపలికి వేడి చేరలేదు. మరి అంత వేడి ఎక్కడిది? పిడుగుదే అయి ఉండాలని వారు నిర్ణయించారు. నేలలోనే ఉన్న గంధకం, ఇనుము కలిసిన ఒక రాతి మీద పిడుగు పడిందని, రాయి ఆకాశం నుంచి పడలేదని నివేదిక ఇచ్చారు.

ఇది తెలివితక్కువతనం అనుకోకండి. అప్పట్లో ఐరోపా ప్రజలు నునుపైన కొన్ని రాళ్ళను పిడుగురాళ్ళని నమ్మి ఇళ్ళలో దాచుకునేవారు. అవి పిడుగుతో పడినవి కావనీ, ఆదిమానవులు చెక్కిన గొడ్డళ్ళనీ 1723లోనే అంత్వాన్ ద జుస్సియో అదే అకాడమీకి వివరించాడు. అలాంటి నమ్మకాలతో పోరాడుతున్నవారికి, పొలంలో పనిచేసేవారు ‘రాయి పైనుంచి పడింది’ అని చెబితే అది మరొక మూఢనమ్మకంలా తోచింది. పైపొరను సరిగానే చూశారు. చూసినవారి మాటను మాత్రం పక్కన పెట్టేశారు.

1794లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ క్లాడ్నీ ఇందుకు విరుద్ధమైన దారి పట్టాడు. న్యాయశాస్త్రం చదివి, ధ్వనిశాస్త్రంలో పరిశోధనలు చేసినవాడాయన. పాత రికార్డులలోని సాక్ష్యాలను ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. వేరు వేరు దేశాలవారు, వేరు వేరు కాలాలలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకేరకం వర్ణనలు ఇచ్చారు. ముందు అగ్నిగోళం, తర్వాత పేలుడు, ఆపైన రాళ్ళు! ఇవి అంతరిక్షం నుంచే వస్తున్నాయని ఆయన ఒక చిన్న పుస్తకంలో వాదించాడు. చాలామంది నమ్మలేదు.

మబ్బులేని ఆకాశం

1798 డిసెంబరు 19, రాత్రి సుమారు ఎనిమిది గంటలు. కాశీ పరిసరాల్లో ఆకాశంలో పెద్ద అగ్నిగోళం కనిపించింది. వెంటనే ఉరుములాంటి ధ్వనులు వినవచ్చాయి. నగరానికి సుమారు 14 మైళ్ళ దూరంలో, గోమతి నది ఒడ్డున ఉన్న క్రాఖుట్ గ్రామం చుట్టుపక్కల రాళ్ళు పడ్డాయి. మర్నాడు పొలాల్లో కొత్తగా లేచిన మట్టిని చూసి గ్రామస్థులు తవ్వగా, సుమారు ఆరు అంగుళాల లోతున రాళ్ళు దొరికాయి. ఒక రాయి కావలివాని గుడిసె కప్పును చీల్చుకుని వచ్చి లోపలి నేలలో దిగబడింది.

అప్పుడు అక్కడ ఉన్న జాన్ లాయిడ్ విలియమ్స్ అనే ఆంగ్లేయుడు గ్రామస్థులను విచారించి, రాళ్ళు సేకరించి లండన్‌లోని రాయల్ సొసైటీకి వివరాలు పంపాడు. ఆయన రాసిన రెండు విషయాలు ముఖ్యమైనవి.

మొదటిది ఆకాశం సంగతి. ఆ నెల 11వ తేదీ నుంచి అక్కడ మబ్బు జాడే లేదు. తర్వాత చాలా రోజుల వరకూ లేదు. మబ్బే లేనప్పుడు పిడుగు ఎక్కడిది?

రెండవది రాళ్ళ రూపం. వాటి అంచులు, మూలలు మొనదేలి లేవు, గుండ్రబడి ఉన్నాయి. ఒంటి నిండా గట్టి నల్లని పొర ఉంది. అక్కడక్కడా అది వార్నిష్ పూసినట్టు మెరుస్తోంది. పగలగొడితే లోపల తెల్లని గరుకు పదార్థం, అందులో చిన్న చిన్న గుండ్లు కనిపించాయి. నేలలో ఉన్న బండ మీద పిడుగు పడితే పడినచోట మాత్రమే కరగాలి. ఈ రాళ్ళకు అన్ని వైపులా ఆ పొర ఉంది. అంటే కరిగే సమయానికి రాయి దేనినీ ఆనుకుని లేదు, గాలిలో ఉంది.

లండన్‌లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కాశీ రాళ్ళతోపాటు ఇటలీలోని సియెనాలో 1794లోను, ఇంగ్లండులోని వోల్డ్ కాటేజ్‌లో 1795లోను పడిన రాళ్ళను, బొహీమియాకు చెందిన మరొక రాయిని తీసుకున్నాడు. ఖనిజశాస్త్రవేత్త బూర్నో భూతద్దంతో చూస్తూ ప్రతి రాతినీ భాగాలుగా విడదీశాడు: పైపొర, లోహపు రేణువులు, గంధక ఖనిజం, గుండ్లు, మట్టిలాంటి మిగతా పదార్థం. 1802లో హోవర్డ్ ప్రకటించిన ఫలితాలు అందర్నీ ఆశ్చర్యపరిచాయి. నాలుగు చోట్ల దొరికిన రాళ్ళూ ఒకే కుటుంబానికి చెందినవాటిలా ఉన్నాయి. లోహపు రేణువులలో ఇనుముతో పాటు నికెల్ ఉంది. భూమిపై మామూలు రాళ్ళలో అలాంటి లోహం ఉండదు.

మరుసటి ఏడే, 1803 ఏప్రిల్ 26న, ఫ్రాన్సులోని లేగ్ల్ పట్టణం దగ్గర దాదాపు మూడువేల రాళ్ళు కురిశాయి. ప్రభుత్వం పంపగా వెళ్ళిన యువ భౌతికశాస్త్రవేత్త బయో ఊరూరా తిరిగి సామాన్యులను ప్రశ్నించాడు. రాళ్ళు పడిన ప్రదేశం అండాకారంలో ఉందని నిర్ధారించాడు. ఆ తర్వాత రాళ్ళు పైనుంచి పడతాయనడాన్ని కాదనడం కష్టమైంది.

నల్లని పొర ఎలా ఏర్పడుతుంది?

అంతరిక్షం నుంచి వచ్చే రాయి వేగం సెకనుకు కనీసం 11 కిలోమీటర్లు, 70 దాటవచ్చు కూడా. వేడికి కారణం గాలి రాపిడి అని మీరు విని ఉంటారు. అసలు ముఖ్య కారణం వేరు. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం మీకు తెలుసు కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. రాతికి ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. అది నలిగి, భగ్గున వేడెక్కి, రాతి ఉపరితలాన్ని కరిగిస్తుంది.

కరిగిన పదార్థాన్ని వెంటనే గాలి ఊడ్చుకుపోతుంది. దానితోపాటే వేడీ పోతుంది. మళ్ళీ కొత్త ఉపరితలం కరుగుతుంది. భూమికి తిరిగివచ్చే రోదసీ నౌకల ఉష్ణకవచాలు కొన్ని ఇదే సూత్రంపై తాము కరిగి, కాలిపోతూ లోపలివారిని కాపాడతాయి. ఇదంతా కొద్ది సెకన్లలో ముగుస్తుంది. రాయి వేడిని బాగా ప్రసరింపజేయదు కాబట్టి లోపలి భాగం అంతరిక్షంలోని చల్లదనంతోనే ఉండిపోతుంది. తర్వాత గాలి అడ్డుకోవడం వల్ల వేగం తగ్గిపోతుంది. చివరగా కరిగిన పొర ఊడిపోకుండా అక్కడే గడ్డకడుతుంది. అదే నల్లని చర్మం. గాజు, అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు నలుసులు దాని రంగుకు కారణం.

అక్కడి నుంచి రాయి మామూలు రాయిలాగే, గంటకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో, వెలుగు లేకుండా పడుతుంది. క్రాఖుట్ రాళ్ళు ఆరు అంగుళాల గుంటలే చేయడానికి కారణం ఇదే.

చర్మం మీది గుర్తులు

కొన్ని ఉల్కాశిలల మీద, తడిమట్టిని బొటనవేలితో నొక్కితే పడే గుంటల్లాంటివి కనిపిస్తాయి. వేడిగాలి సుడులు ఉపరితలాన్ని తొలచగా ఏర్పడినవివి. రాయి దొర్లకుండా ఒకే ముఖం ముందుకు పెట్టి వస్తే ఆ వైపు శంకువులా అవుతుంది. కరిగిన పదార్థం సన్నని గీతలుగా వెనక్కి పారిన జాడలుంటాయి. దారిలో పగిలితే పగిలినచోట కొత్త పొర మరింత పలుచగా ఉంటుంది. బాగా కిందికి వచ్చాక పగిలితే అక్కడ పొరే ఉండదు.

1947 ఫిబ్రవరి 12న రష్యా తూర్పు భాగంలో సిఖోటె-అలిన్ పర్వతాల దగ్గర పడిన ఇనుప ఉల్కలలో ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. పైనే విడిపోయిన ముక్కలకు వేలి గుర్తులున్నాయి. ఆలస్యంగా పేలిన ముక్కలు బాంబు పెంకుల్లా మెలితిరిగి పదునుగా ఉన్నాయి.

అయితే ప్రతి గుంటా ఆకాశంలో ఏర్పడిందే అనుకోకూడదు. అమెరికాలోని 15 టన్నుల విల్లమెట్ ఇనుప ఉల్కకు మనిషి కూర్చోగలిగినంత గుంటలున్నాయి. అవి భూమిపై ఏర్పడినవే. ఉల్కలోని గంధక ఖనిజం వాననీటితో కలిసి ఆమ్లంగా మారి ఇనుమును తినేసింది.

అన్ని చర్మాలూ నల్లగా ఉండాలనీ లేదు. ఖనిజాలలో ఇనుము చాలా తక్కువగా ఉంటే పొర లేతరంగులో ఉంటుంది. ఆబ్రైట్లనే అరుదైన జాతి రాళ్ళలో ఇలా కనిపిస్తుంది. మన దేశంలో 1852లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ దగ్గర అలాంటి రాయి పడింది. అందులో కనుగొన్న ఒక కొత్త ఖనిజానికి భారత భూగర్భ సర్వే అధిపతి ఓల్డ్‌హామ్ పేరిట ఓల్డ్‌హామైట్ అని పేరు పెట్టారు. మన నెల్లూరు ప్రాంతంలో పడి ‘యాటూర్’ పేరుతో ఉల్కాశిలల జాబితాకెక్కిన రాయి కూడా ఆ ఏడాదిదే. మళ్ళీ మన దేశంలో ఆబ్రైట్ పడింది 170 ఏళ్ళకు, 2022 ఆగస్టు 17న, గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో. ఒక రాయి వేపచెట్టుకు తగిలి ముక్కలైంది. గ్రామస్థులు దాచి ఇవ్వడం వల్లనే అది శాస్త్రజ్ఞులకు దక్కింది. ఓల్డ్‌హామైట్‌కు తేమ పడదు. అలాంటి రాయి వానలో నానితే ఎంతో సమాచారం కరిగిపోయేది.

చర్మం చెప్పనిది

చర్మం చెప్పేది రాయి చివరి కొన్ని సెకన్ల కథ మాత్రమే. దాని పుట్టుక తెలియాలంటే లోపలికి చూడాలి. కాశీ రాళ్ళలో కనిపించినలాంటి చిన్న గుండ్లు సుమారు 456 కోట్ల సంవత్సరాల క్రితం, సౌరకుటుంబం ఏర్పడుతున్న తొలి రోజులవి. 1865 ఆగస్టు 25న బీహారులోని షేర్‌ఘాటీలో పడిన రాతిలో అలాంటి గుండ్లు లేవు. అది అగ్నిశిల. దాన్ని పోలిన ఒక రాయి తర్వాత అంటార్కిటికాలో దొరికింది. అందులో చిక్కుకున్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు అంగారకునిపై కొలిచిన వాయువులతో సరిపోయాయని 1983లో తేలింది. షేర్‌ఘాటీ రాయి అంగారక గ్రహం నుంచి వచ్చిందన్నమాట!

మీకు దొరికితే

ముందు పైపొర చూడండి. పలుచని నల్లని పొర, కింద వేరే రంగు, గుండ్రబడిన అంచులు, సైజుకు మించిన బరువు ఉంటే అనుమానించవచ్చు. నిండా బుడగల రంధ్రాలుంటే అది చిట్టెం కావచ్చు. మెరుగులేని పింగాణీపై గీస్తే ఎర్రని గీత పడితే అది హెమటైట్ అనే మామూలు ఇనుప ఖనిజం. ఏళ్ళ తరబడి నేలలో ఉన్న ఉల్కాశిల చర్మం తుప్పురంగుకు మారుతుందని కూడా గుర్తుంచుకోండి.

అయస్కాంతం అంటించి చూడమని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పుడు అది వద్దంటున్నారు. బలమైన అయస్కాంతం రాతిలో కోట్ల ఏళ్ళుగా నిలిచిన అయస్కాంత జాడలను చెరిపేస్తుంది. దిక్సూచిని దగ్గరికి తెచ్చి ముల్లు కదులుతుందేమో చూస్తే చాలు.

రాయి పడడం మీరే చూస్తే సమయం, వచ్చిన దిక్కు, విన్న శబ్దం, గుంట లోతు వెంటనే రాసిపెట్టండి. రాతిని కదిలించకముందే ఫోటో తీయండి. చేత్తో ముట్టుకోకుండా శుభ్రమైన, పొడిగా ఉన్న సంచిలో ఉంచండి. కడగవద్దు, నూనె గానీ పసుపు గానీ రాయవద్దు, పగలగొట్టి పంచుకోవద్దు. దగ్గరి కళాశాల భూగర్భశాస్త్ర విభాగానికో, భారత భూగర్భ సర్వే కార్యాలయానికో తెలియజేయండి.

లూసే కోతకూలీలు చెప్పింది నిజం. కాని పండితులు వారి మాటను నమ్మలేదు. క్రాఖుట్ గ్రామస్థుల మాటను విలియమ్స్ రాసి పంపితే పండితులు పట్టించుకున్నారు. ఈసారి చూసేది మీరే అయితే, రాసేది కూడా మీరే కావచ్చు.